చీనీ తోట షెడ్డుకు సోలార్ కంట్రోలర్: ప్రాజెక్టు డైరీ

నవంబరు, రెండో వారం

అనంతపురం జిల్లా నార్పల దగ్గరున్న మా చీనీ (బత్తాయి) తోటలో రేకుల షెడ్డుకు సౌర విద్యుత్తు పెట్టే పని మొదలైంది. బోరుకు వ్యవసాయ కనెక్షను ఉంది కానీ, ఆ లైనులో కరెంటు పగటిపూట తొమ్మిది గంటలే ఉంటుంది. షెడ్డులో ఉండే కావలి కుటుంబానికి దీపాలు, ఫ్యాన్లు కావలసింది రాత్రి. అడవి పందులను ఆపే సోలార్ కంచె యంత్రం పనిచేయవలసింది కూడా రాత్రే. అందుకే లైనుతో ఏ సంబంధమూ లేకుండా, బ్యాటరీతో సొంతంగా నడిచే చిన్న వ్యవస్థ ఒకటి కట్టాలని నిర్ణయించాము.

మొదట వాడకం లెక్క వేశాను. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బులు నాలుగు, రోజుకు ఐదు గంటలు వెలిగితే 180 వాట్ అవర్లు. 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే) ఫ్యాన్లు రెండు, పది గంటలు తిరిగితే 600. సిమ్ కార్డు రౌటరు, కెమెరా కలిపి 12 వాట్లు తీసుకుంటాయి గాని, రాత్రింబగళ్లు ఆగకుండా తీసుకుంటాయి కనుక వాటి లెక్క 288కి చేరింది. కంచె యంత్రానికి 48, ఫోన్ల ఛార్జింగుకు 50 వేసుకుంటే మొత్తం దాదాపు 1,170. లెక్క సులువుగా ఉండటానికి రోజుకు 1.2 యూనిట్లు (యూనిట్ అంటే వెయ్యి వాట్ అవర్లు) అనుకున్నాను. ఇందులో నన్ను ఆశ్చర్యపరిచింది రౌటరే. నాలుగు దీపాలూ కలిసి తినే దానికంటే అది, కెమెరా కలిసి తినేది ఎక్కువ.

బ్యాటరీలో వేసింది మొత్తం తిరిగి రాదు. తీగల్లో, వోల్టేజీని మార్చే కన్వర్టర్లో కొంత పోతుంది. ఇవన్నీ కలిపి 75 శాతం సామర్థ్యం అనుకుంటే ప్యానెళ్ల నుంచి రోజుకు 1.6 యూనిట్లు రావాలి. మబ్బులు ఎక్కువగా ఉండే నెలల్లో నిండు ఎండకు సమానమైన గంటలు నాలుగున్నర అని తీసుకుంటే 355 వాట్లు నిజంగా చేతికి అందాలి. మా ఎండల్లో ప్యానెల్ దాని మీద రాసిన వాట్లలో 80 నుంచి 85 శాతం ఇస్తే గొప్ప. అంటే 420 వాట్ల దగ్గరకు వస్తుంది. ఒక్క 335 వాట్ల ప్యానెల్ చాలదు, రెండు పెడితే 670 వాట్లు, కొంచెం మిగులు. లెడ్ యాసిడ్ బ్యాటరీ తరచుగా పూర్తిగా నిండకపోతే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి త్వరగా పాడవుతుంది కనుక ఆ మిగులు అవసరమేనని నా అభిప్రాయం.

నవంబరు, చివరి వారం

ప్యానెళ్లు, బ్యాటరీలు వచ్చాయి. ప్యానెళ్లకు, బ్యాటరీకి మధ్య ఉండి ఛార్జింగును అదుపు చేసే కంట్రోలర్ ఇంకా కొనలేదు, కావాలనే ఆపాను. కంట్రోలర్ తీసుకుని దానికి తగ్గ ప్యానెల్ వెతకడం తలకిందుల పని. ప్యానెల్ వోల్టేజీ ఎంత, బ్యాటరీ వోల్టేజీ ఎంత, ఆ రెండింటి మధ్య తీగ ఎంత పొడవు అనే మూడు ప్రశ్నలకు సమాధానం దొరికితే కంట్రోలర్ ఎంపిక దాదాపు పూర్తయినట్లే.

ప్యానెళ్లు 72 సెల్లుల పాలీక్రిస్టలైన్ రకం. వెనక అంటించిన చీటీ ప్రకారం గరిష్ఠ శక్తి దగ్గర వోల్టేజీ 38, కరెంటు 8.8 ఆంపియర్లు, ఏమీ తగిలించకుండా కొలిస్తే ఉండే ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ 46, షార్ట్ సర్క్యూట్ కరెంటు 9.3. ఈ అంకెలన్నీ చదరపు మీటరుకు 1,000 వాట్ల ఎండ, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు అనే ప్రయోగశాల పరిస్థితికి చెందినవి. అనంతపురంలో మధ్యాహ్నపు ఎండలో సెల్ 25 డిగ్రీల దగ్గర ఉండే రోజు ఏడాదిలో ఒక్కటీ ఉండదు.

బ్యాటరీలు 150 ఆంపియర్ అవర్ల పొడవాటి ట్యూబులర్ రకం (లెడ్ యాసిడ్‌లోనే ఒక రకం), రెండు. సౌర వ్యవస్థలకు అమ్మేవాటి మీద ఈ సామర్థ్యాన్ని పది గంటల డిశ్చార్జి లెక్కన, అంటే సీ10 అని రాస్తారు. ఇంటి ఇన్వర్టర్లకు అమ్మేవాటి మీద చాలావరకు సీ20, అంటే ఇరవై గంటల లెక్క, ఉంటుంది. అదే బ్యాటరీ సీ20 లెక్కలో పెద్దదిగా కనబడుతుంది కాబట్టి ధరలు పోల్చేటప్పుడు ఈ చిన్న అక్షరాన్ని చూడకుండా డబ్బు కట్టకూడదు. లిథియం ఫాస్ఫేటు గురించి కూడా ఆలోచించాను. దానికి నీళ్లు పోసే పని లేదు, లోతుగా వాడుకోవచ్చు. కానీ మా ఊరి దగ్గర దాన్ని విప్పి చూసి బాగుచేయగలవారు లేరు, ట్యూబులర్‌కు ఉన్నారు. ఆ ఒక్క కారణమే నాకు సరిపోయింది.

రెండు బ్యాటరీలనూ సిరీస్‌లో (ఒకదాని చివర ఒకటిగా) కలిపి 24 వోల్టులు చేయాలా, ప్యారలల్‌లో (పక్కపక్కన) కలిపి 12 వోల్టులే ఉంచాలా అన్నది తర్వాతి ప్రశ్న. నిజానికి ప్యానెళ్ల నుంచి 550 వాట్లు వస్తాయనుకుంటే 12 వోల్టుల బ్యాటరీకి 42 ఆంపియర్లు, 24 వోల్టుల బ్యాటరీకి 21 ఆంపియర్లు ప్రవహిస్తాయి. మొదటిదానికి 50 ఆంపియర్ల కంట్రోలర్, లావు తీగలు కావాలి. రెండోదానికి 30 ఆంపియర్లది చాలు. 21 ఆంపియర్లంటే 150కి 14 శాతం. ట్యూబులర్ బ్యాటరీకి పది శాతం చుట్టుపక్కల ఛార్జింగు కరెంటు ఇవ్వమంటారు, ఇరవై దాటనివ్వరు కనుక ఇది హద్దులోనే ఉంది. 24 వోల్టులు ఖాయం చేశాను.

ఫ్యాన్లు, బల్బులు, రౌటరు మాత్రం 12 వోల్టులవి. దీనికి మా ప్రాంతంలో చాలామంది చేసే పని ఒకటుంది: రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచే 12 వోల్టుల తీగ లాగేస్తారు. దీపం వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, అందుకే ఇందులో తప్పేముందో ఎవరికీ కనబడదు. కానీ ఆ బ్యాటరీ ప్రతి రాత్రీ ఖాళీ అవుతుంది, పక్కది నిండుగానే ఉంటుంది. మరునాడు కంట్రోలర్ రెండింటి మొత్తం వోల్టేజీనే చూస్తుంది కాబట్టి ఒకటి ఎప్పటికీ సగం నిండుతుంది, రెండోది పొంగి నీళ్లు ఎండగొట్టుకుంటుంది. కొన్ని నెలల్లో రెండూ పోతాయి. అందుకని 24 నుంచి 12కు దించే 20 ఆంపియర్ల కన్వర్టర్ విడిగా తీసుకున్నాను.

డిసెంబరు, మొదటి వారం

పీడబ్ల్యూఎం కంట్రోలరా, ఎంపీపీటీ కంట్రోలరా అన్న చర్చకు ఈ వారం కూర్చున్నాను. పీడబ్ల్యూఎం అనేది సారాంశంలో వేగంగా కలుపుతూ విడదీస్తూ ఉండే ఒక స్విచ్చు. అది కలిపి ఉంచినంతసేపు ప్యానెల్ నేరుగా బ్యాటరీకి తగిలించినట్లే. ప్యానెల్ వోల్టేజీ బ్యాటరీ వోల్టేజీకి దిగివస్తుంది, కరెంటు మాత్రం ఉన్నంతే ఉంటుంది. ఎంపీపీటీలో మధ్యన ఒక ఇండక్టర్ కాయిల్ ఉంటుంది. ప్యానెల్‌ను దానికి అనువైన వోల్టేజీ దగ్గరే నిలబెట్టి, ఆ అదనపు వోల్టేజీని కరెంటుగా మార్చి బ్యాటరీకి అందిస్తుంది.

మా 72 సెల్లుల ప్యానెల్‌ను 12 వోల్టుల బ్యాటరీకి పీడబ్ల్యూఎంతో తగిలిస్తే 9 ఆంపియర్లు, 13 వోల్టులు, అంటే 117 వాట్లు వస్తాయి. 335 వాట్లకు డబ్బు కట్టి అందులో మూడో వంతు వాడుకోవడమన్నమాట. ‘12 వోల్టుల’ వ్యవస్థకు పెద్ద ప్యానెల్ కొని, చవక కంట్రోలర్ పెట్టి, ‘సోలార్ పనిచేయడం లేదు’ అని వాపోయేవారి కథ చాలావరకు ఇదే.

అయితే 24 వోల్టుల దగ్గర చిత్రం మారుతుంది. వేసవిలో సెల్ 65 డిగ్రీలకు వేడెక్కుతుందనుకుందాం. 25 కంటే పైకి వెళ్లే ప్రతి డిగ్రీకి గరిష్ఠ శక్తి వోల్టేజీ సుమారు 0.4 శాతం తగ్గుతుంది, కనుక 38 వోల్టులు 32కు దిగుతాయి. ఎంపీపీటీ ఈ 32 వోల్టులను 8.8 ఆంపియర్లతో తీసుకుంటే 282 వాట్లు. పీడబ్ల్యూఎం నిండబోతున్న బ్యాటరీ ఉండే 28 వోల్టుల దగ్గర 8.8 ఆంపియర్లు తీసుకుంటే 246 వాట్లు. తేడా 13 శాతమే. పొద్దున్నే బ్యాటరీ ఖాళీగా 25 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు తేడా 20 శాతం దాటుతుంది, కానీ ఆ వేళకు ఎండే తక్కువ. ‘ముప్పై శాతం అదనపు విద్యుత్తు’ అని పెట్టెల మీద కనిపించే మాట చలి దేశాల్లో నిజమవుతుందేమో గానీ, ప్యానెల్, బ్యాటరీ వోల్టేజీలు సరిగ్గా జత కుదిరినప్పుడు రాయలసీమ ఎండలో అది నిజం కాదు. ఎంపీపీటీ కంట్రోలర్ ధర పీడబ్ల్యూఎం ధరకు కొన్ని రెట్లు ఉంటుంది. ఆ 13 శాతం కోసమే అయితే దానికి పెట్టే డబ్బుతో ఇంకో ప్యానెల్ కొనడమే మేలని ఒక దశలో రాసుకున్నాను కూడా.

ఆ మాట నిలబడలేదు. కారణం తీగ.

డిసెంబరు, రెండో వారం

షెడ్డు పక్కనే పెద్ద చింతచెట్టు ఉంది. దాని నీడ షెడ్డు పైకప్పు మీద మధ్యాహ్నం రెండు గంటల నుంచి పడుతుంది. చెట్టు కొట్టే ప్రసక్తి లేదు కాబట్టి ప్యానెళ్లను తోట గట్టు దగ్గర, షెడ్డుకు 22 మీటర్ల దూరంలో స్టాండు మీద పెడుతున్నాము. పోయే తీగ, వచ్చే తీగ కలిపితే 44 మీటర్లు. 4 చదరపు మిల్లీమీటర్ల సోలార్ డీసీ తీగకు కిలోమీటరుకు 5 ఓమ్‌ల నిరోధం లెక్కన 0.22 ఓమ్‌లు అవుతుంది.

ప్యానెళ్లు రెండూ ప్యారలల్‌లో ఉంటే ఆ తీగలో 17.6 ఆంపియర్లు నడుస్తాయి. 17.6ను 0.22తో గుణిస్తే దాదాపు 3.9 వోల్టులు దారిలోనే పోతాయి. వేసవిలో ప్యానెల్ ఇచ్చేదే 32. షెడ్డుకు చేరేది 28.1. బ్యాటరీని పూర్తిగా నింపడానికి కావలసింది 28.8. అంటే పీడబ్ల్యూఎం పెడితే అది ప్యానెళ్లను వాటికి అనువైన వోల్టేజీ కంటే పైకి నెడుతుంది, కరెంటు పడిపోతుంది, ఛార్జింగులోని చివరి ఘట్టం ఈడ్చుకుంటూ సాగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ ఎంత దండిగా ఉన్నా బ్యాటరీ నిండదు. పైగా తీగలో కాలిపోయే శక్తి 68 వాట్లు.

అవే ప్యానెళ్లను సిరీస్‌లో కలిపితే వోల్టేజీ 64, కరెంటు 8.8. తీగలో పోయేది 1.9 వోల్టులు, 17 వాట్లు, నాలుగో వంతు. కానీ 64 వోల్టులను 24 వోల్టుల బ్యాటరీకి పీడబ్ల్యూఎం ద్వారా ఇస్తే సగానికి పైగా వృథా. సిరీస్ కావాలంటే ఎంపీపీటీ తప్పదు. ప్యారలల్‌లోనే ఉంచి తీగను 10 చదరపు మిల్లీమీటర్లకు పెంచుదామా అని రాగి తీగ ధర అడిగాను. రెండు కంట్రోలర్ల మధ్య ఉన్న ధర తేడాలో చాలా భాగాన్ని ఆ తీగే మింగేస్తుంది.

కనుక నేను ఎంపీపీటీ వైపు మొగ్గింది అదనపు విద్యుత్తు ఆశతో కాదు. ప్యానెల్ వోల్టేజీకి, బ్యాటరీ వోల్టేజీకి మధ్య ఉన్న ముడిని అది విప్పుతుంది; ప్యానెళ్లను ఎక్కడ ఎండ ఉంటే అక్కడ పెట్టుకునే వీలు ఇస్తుంది. మా షెడ్డు పైకప్పు మీద నీడ పడకపోయి, తీగ ఐదారు మీటర్లతో అయిపోయి ఉంటే పీడబ్ల్యూఎం కొని ఈ డైరీని ఇక్కడే ముగించేవాడిని.

డిసెంబరు, మూడో వారం

ఎంపీపీటీ కంట్రోలర్ల మీద సాధారణంగా రెండు అంకెలు ఉంటాయి. విక్ట్రాన్ సంస్థ వాటిని పేరులోనే పెడుతుంది: 75/15, 100/20, 100/30, 150/35 అని. మొదటిది ప్యానెళ్ల వైపు తట్టుకోగల గరిష్ఠ వోల్టేజీ, రెండోది బ్యాటరీ వైపు ఇవ్వగల గరిష్ఠ కరెంటు. ఇతర కంపెనీలవాటికి ఇవే అంకెలు వివరాల పత్రంలో ఉంటాయి.

ఈ రెండు అంకెలకూ ఒకే స్వభావం లేదు. కరెంటు హద్దు మెత్తనిది: ప్యానెళ్లు ఎక్కువ ఇవ్వగలిగినా మంచి కంట్రోలర్ తన హద్దు దగ్గర ఆగి, మిగిలినదాన్ని తీసుకోకుండా వదిలేస్తుంది. వోల్టేజీ హద్దు అలా కాదు. దాన్ని ఒక్కసారి దాటినా లోపలి ట్రాన్సిస్టర్లు పోవచ్చు, ఆ నష్టం సాధారణంగా వారంటీ కిందికి రాదు. కాబట్టి కరెంటు విషయంలో కొంత తక్కువ తీసుకున్నా నడుస్తుంది గానీ, వోల్టేజీ విషయంలో ఏడాదిలో అన్నిటికంటే చల్లని తెల్లవారుజామును లెక్కలోకి తీసుకోవాలి. ప్యానెల్ ఎంత చల్లగా ఉంటే దాని వోల్టేజీ అంత ఎక్కువ. పొద్దు పొడవగానే తొలి ఎండ పడిన క్షణంలో సెల్ ఇంకా రాత్రి చలిలోనే ఉంటుంది.

మా రెండు ప్యానెళ్లు సిరీస్‌లో 92 వోల్టులు. ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ డిగ్రీకి 0.31 శాతం చొప్పున మారుతుందని చీటీలో ఉంది. తోటలో చలికాలపు తెల్లవారుజాము 12 డిగ్రీలు అనుకుంటే, 25 కంటే 13 డిగ్రీలు తక్కువ. 4 శాతం పెరిగి 95.7 వోల్టులు. తయారీలో 3 శాతం తేడా ఉండవచ్చని అదే చీటీ చెబుతోంది. దాన్ని కూడా కలిపితే 98.6. వంద వోల్టుల కంట్రోలర్‌కు ఇది కాగితం మీద సరిపోతుంది. నాకు మాత్రం ఆ 1.4 వోల్టుల సందు మీద నిద్ర పట్టదు. ఇదే జతను లంబసింగి వంటి చోట, నీరు గడ్డకట్టేదాకా దిగే చలిలో పెడితే, తయారీ తేడా కూడా కలిసినప్పుడు వంద దాటుతుంది. 150 వోల్టులు, 35 ఆంపియర్ల తరగతి కంట్రోలర్ తీసుకోవాలని నిర్ణయించాను.

ప్యానెళ్లను 60 సెల్లుల రకం తీసుకుని ఉంటే ఒక్కొక్కటి 38 వోల్టుల చొప్పున రెండూ కలిపి 76 దగ్గర ఆగేవి, వంద వోల్టుల కంట్రోలర్ హాయిగా సరిపోయేది. కొత్తగా మొదలుపెట్టేవారు ఈ దారిని పరిశీలించవచ్చు. మాకు దుకాణంలో దొరికినవి 72 సెల్లులవే.

జనవరి, మొదటి వారం

కొనే ముందు ఒక పరీక్ష. బజారులో ‘ఎంపీపీటీ’ అని రాసి ఉన్న కంట్రోలర్లు మరీ చవకగా కనబడుతున్నాయి. దుకాణదారుణ్ణి అడిగితే, “అన్నీ ఎంపీపీటీలే సార్, పెట్టె మీదే రాసుంది కదా” అన్నాడు. పరీక్షించి తిరిగిస్తానని చెప్పి ఒకటి ఇంటికి తెచ్చాను. 30 ఆంపియర్లు అని రాసి ఉంది, అరచేతిలో ఇమిడిపోతోంది, బరువు కొన్ని వందల గ్రాములు. నిజమైన 30 ఆంపియర్ల ఎంపీపీటీలో రాగి కాయిల్, లావు అల్యూమినియం హీట్ సింకు ఉంటాయి కనుక అది కిలో అటూఇటూ తూగుతుంది. ప్యానెళ్ల వైపు హద్దు 50 వోల్టులు అని ఉండటం మరో అనుమానం.

బరువుతో తేల్చేయడం న్యాయం కాదు కనుక కొలిచాను. డీసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటరు, మల్టీమీటరు ఉంటే ఇది ఎవరైనా చేయవచ్చు. బ్యాటరీని కొంత ఖాళీ చేసి, ఎండ బాగా ఉన్న వేళ ఒకే ప్యానెల్ తగిలించి, ప్యానెల్ వైపు వోల్టేజీ, కరెంటు, బ్యాటరీ వైపు వోల్టేజీ, కరెంటు చూడాలి. బ్యాటరీ నిండుగా ఉంటే ఏ కంట్రోలరైనా ప్యానెల్‌ను వెనక్కి తగ్గిస్తుంది కాబట్టి ఆ కొలతకు విలువ లేదు. నా దగ్గర ప్యానెల్ వైపు 26.3 వోల్టులు, 7.9 ఆంపియర్లు, బ్యాటరీ వైపు 25.9 వోల్టులు, 7.9 ఆంపియర్లు వచ్చాయి. రెండు వైపులా కరెంటు ఒకటే, ప్యానెల్ వోల్టేజీ బ్యాటరీని అంటిపెట్టుకునే ఉంది. ఇది అచ్చమైన పీడబ్ల్యూఎం. మూత విప్పితే లోపల కాయిల్ లేదు. ఎంపీపీటీ అయి ఉంటే ప్యానెల్ వోల్టేజీ 34 దగ్గర నిలబడి, బ్యాటరీ వైపు కరెంటు ప్యానెల్ వైపు కంటే స్పష్టంగా ఎక్కువ ఉండాలి. పెట్టెను తిరిగిచ్చేశాను.

ఆ చవక పెట్టెలో ఇంకో సంగతి గమనించాను. దాని లోపల ప్యానెల్, బ్యాటరీ, లోడు (కరెంటు వాడుకునే దీపాలు, ఫ్యాన్ల వంటివి) మూడింటి పాజిటివ్‌లు కలిసి ఉన్నాయి, స్విచ్చు నెగటివ్ వైపు ఉంది. ఇలాంటిది చవక పీడబ్ల్యూఎంలలో మామూలే. వ్యవస్థలో ఎక్కడా నెగటివ్‌ను భూమికి కలపకపోతే ఇబ్బంది లేదు. మాకు కంచె యంత్రానికి ఎర్తు ఉంది, రౌటరు, కెమెరా ఇనుప స్తంభం మీద ఉన్నాయి. నెగటివ్ ఏదో ఒక దారిలో భూమికి తగిలితే ఆ స్విచ్చును దాటుకుని కరెంటు నడుస్తుంది, బ్యాటరీని కాపాడే కటాఫ్ పనిచేయదు. నెగటివ్‌లు కలిసి ఉండే నిర్మాణమే కావాలని కొనుగోలు షరతుల్లో చేర్చుకున్నాను.

జనవరి, మూడో వారం

150 వోల్టుల, 35 ఆంపియర్ల కంట్రోలర్ వచ్చింది. ఈ పరిమాణం వాటిలో చాలావాటికి లోడు టెర్మినళ్లు ఉండవు. అందుకని బ్యాటరీ వోల్టేజీ పడిపోతే లోడును విడదీసే స్విచ్చు ఒకటి విడిగా కొనవలసి వచ్చింది. లోడు టెర్మినళ్లు ఉన్న చిన్న కంట్రోలర్లు తీసుకునేవారు వాటికి ఇన్వర్టర్ తగిలించకూడదు. మోటారు స్టార్టయ్యే క్షణంలో ఇన్వర్టర్ లాగే కరెంటుకు ఆ టెర్మినళ్లు కాలిపోతాయి. ఇన్వర్టర్ ఎప్పుడూ ఫ్యూజు ద్వారా నేరుగా బ్యాటరీకే.

బిగింపు రెండు పూటల పని. కంట్రోలర్‌ను సిమెంటు గోడకు, రేకుకు దూరంగా, కింద పైన గాలి ఆడేలా పెట్టాము. బ్యాటరీల నెత్తిన మాత్రం పెట్టలేదు. ఛార్జింగులో వెలువడే హైడ్రోజన్, ఆమ్లపు ఆవిరి నేరుగా పైకి వెళతాయి. ఎలక్ట్రానిక్సుకు అంతకంటే చెడ్డ చోటు లేదు. పక్కకు జరిపి, ఒకటిన్నర మీటర్ల 10 చదరపు మిల్లీమీటర్ల తీగతో కలిపాము. ఇక్కడ తీగ లావుగా, పొట్టిగా ఉండటానికి కారణం శక్తి నష్టం ఒక్కటే కాదు. కంట్రోలర్ బ్యాటరీ వోల్టేజీని తన టెర్మినళ్ల దగ్గరే కొలుచుకుంటుంది. మధ్యలో అర వోల్టు పోతే బ్యాటరీ నిండిపోయిందని పొరబడి ముందే తగ్గిపోతుంది. మా తీగలో 20 ఆంపియర్ల దగ్గర పోయేది 0.1 వోల్టు.

బ్యాటరీ పాజిటివ్ దగ్గరే 40 ఆంపియర్ల ఫ్యూజు, ప్యానెళ్ల వైపు రెండు పోళ్ల డీసీ ఎంసీబీ పెట్టాము. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ చాలు కదా అని ఎలక్ట్రీషియన్ అన్నాడు. ఏసీ సెకనుకు వంద సార్లు సున్నాను దాటుతుంది కనుక, స్విచ్చు తెగేటప్పుడు లోపల పుట్టే మెరుపు తనంతట ఆరిపోతుంది. డీసీ మెరుపు అంత సులువుగా ఆరదు, లోపల మండుతూనే ఉండవచ్చు. తొంభై వోల్టుల డీసీ దగ్గర ఇందులో పొదుపు చూడకూడదు.

కలిపే క్రమం: ముందు బ్యాటరీ, కంట్రోలర్ తెర వెలిగి 24 వోల్టులు గుర్తించాక ప్యానెళ్లు. విప్పేటప్పుడు దీనికి తలకిందులు. బ్యాటరీ లేకుండా ప్యానెళ్లు తగిలిస్తే కొన్ని కంట్రోలర్లు పాడవుతాయి, కొన్ని వోల్టేజీని తప్పుగా గుర్తిస్తాయి. ఈ క్రమాన్ని కావలి మనిషికి చెప్పి, గోడ మీద రంగుతో రాయించాను.

మొదటి కొలత, పదకొండు గంటలకు: ప్యానెళ్ల వైపు 67 వోల్టులు, 7.2 ఆంపియర్లు, అంటే 482 వాట్లు. బ్యాటరీ వైపు 27 వోల్టులు, 17.3 ఆంపియర్లు, అంటే 467 వాట్లు. సామర్థ్యం 97 శాతం దగ్గర.

ఏప్రిల్, రెండో వారం

ఎండలు ముదిరాయి. ఈ నెల పని అంతా ఉష్ణోగ్రత గురించే. లెడ్ యాసిడ్ బ్యాటరీ వేడెక్కిన కొద్దీ తక్కువ వోల్టేజీతోనే నిండుతుంది. చల్లని రోజుల వోల్టేజీనే వేసవిలో ఇస్తే నీళ్లు ఆవిరైపోతాయి. అందుకే 25 డిగ్రీలకు పైన ప్రతి డిగ్రీకి సెల్‌కు 4 మిల్లీవోల్టుల చొప్పున తగ్గించేలా కంట్రోలర్‌లో పెట్టాను. మావి పన్నెండు సెల్లులు కాబట్టి డిగ్రీకి 48 మిల్లీవోల్టులు. నింపే వోల్టేజీ 28.8, నిండాక నిలిపే ఫ్లోట్ వోల్టేజీ 27.2, ఇవి బ్యాటరీ తయారీదారు పత్రంలో ఉన్నవి. కంట్రోలర్‌తో వచ్చిన ఫ్యాక్టరీ అమరికను అలాగే వదిలేయకుండా ఆ పత్రంతో సరిచూసుకోవడం అవసరం.

చిక్కు ఎక్కడంటే, చాలా కంట్రోలర్లు ఉష్ణోగ్రతను తమ లోపలే కొలుచుకుంటాయి. రేకుల షెడ్డులో తలెత్తు ఎత్తున ఉన్న కంట్రోలర్, 17 ఆంపియర్లు మోస్తూ, మధ్యాహ్నం 50 డిగ్రీలు చూపిస్తోంది. నేల మీద, నీడన ఉన్న బ్యాటరీ 38 దగ్గరే ఉంది. కంట్రోలర్ తన వేడినే బ్యాటరీ వేడిగా భావిస్తే 1.2 వోల్టులు తగ్గించి 27.6 దగ్గరే ఆగిపోతుంది. నిజానికి తగ్గించవలసింది 0.6, ఆగవలసింది 28.2 దగ్గర. ఈ అర వోల్టు తేడాతో వేసవి అంతా బ్యాటరీ అరకొరగా నిండుతుంది. ఉష్ణోగ్రత సెన్సారును విడిగా కొని బ్యాటరీ టెర్మినల్‌కు బిగించాక అంకెలు సరిపోయాయి. కంట్రోలర్ ఎంచుకునేటప్పుడు బయటి సెన్సారు పెట్టుకునే వీలు ఉందో లేదో చూడటం, మన ఎండల్లో, ఎంపీపీటీనా కాదా అని చూడటమంత ముఖ్యమని ఇప్పుడు నమ్ముతున్నాను.

మే, మొదటి వారం

గత నెలాఖరున, ఆమ్లం సాంద్రత కొలిచే హైడ్రోమీటరుతో సెల్లులన్నీ చూశాను. ట్యూబులర్ బ్యాటరీ నిండుగా ఉంటే 27 డిగ్రీల దగ్గర 1.240 చూపాలి. పదకొండు సెల్లులు 1.235కు, 1.240కి మధ్య ఉన్నాయి, ఒకటి 1.225. ఆ ఒక్కదాని కోసం, సెల్లులన్నీ సమానంగా నిండేలా కాస్త ఎక్కువ వోల్టేజీతో చేసే ఈక్వలైజేషన్ ఛార్జింగు ఒకసారి పెట్టి, చల్లారాక డిస్టిల్డ్ వాటర్ పోశాను. తర్వాతి వారం అది 1.235కు వచ్చింది.

జులై, మొదటి వారం

మబ్బు రోజులు వరుసగా వచ్చాయి. లోడు విడదీసే స్విచ్చును 23.4 వోల్టుల దగ్గర తెగేలా, 25.2 దగ్గర మళ్లీ కలిసేలా పెట్టాను. ఇలాంటి స్విచ్చులు కొన్ని 22.2 దగ్గర తెగేలా అమరి వస్తాయి. అప్పటికి లెడ్ యాసిడ్ బ్యాటరీ అడుగంటి ఉంటుంది. ఒక రాత్రి తెల్లవారుజామున తెగింది, ఫ్యాన్లు ఆగాయని ఫోను వచ్చింది. కటాఫ్‌ను కిందికి దించమని అడిగారు, దించలేదు. రౌటరును పగలంతా కాకుండా కెమెరాకు అవసరమైన వేళల్లోనే నడిపేలా టైమరు పెట్టడం మేలని తేల్చి, ఆ పని చేశాము.

ఇంకో ప్యానెల్ చేర్చాలన్న మాట కూడా వచ్చింది. మూడోదాన్ని అదే సిరీస్‌లో కలిపితే 138 వోల్టులు, చలికాలపు ఉదయం 143.5, తయారీ తేడా కలిపితే 148. నూట యాభైకి మళ్లీ అదే ఇరుకు సందు. దాన్ని ఒంటరిగా, 92 వోల్టుల జతకు ప్యారలల్‌లో కలపడం అసలే కుదరదు. చేర్చితే రెండు చేర్చాలి, రెండేసి సిరీస్‌లో, ఆ రెండు జతలు ప్యారలల్‌లో. అప్పుడు 1,340 వాట్లు. చల్లని, నిర్మలమైన రోజుల్లో కంట్రోలర్ 35 ఆంపియర్ల దగ్గర ఆగిపోతుంది గానీ దానికేమీ కాదు. అడ్డు బ్యాటరీ వైపు ఉంది: 150 ఆంపియర్ అవర్లకు 35 ఆంపియర్లు 23 శాతం, కనుక కంట్రోలర్‌లో ఛార్జింగు హద్దును 30కి దించాలి. తీగలో కరెంటు కూడా మళ్లీ 17.6కు చేరుతుంది కాబట్టి రెండో జతకు విడిగా తీగ లాగాలి. స్టాండుకు పక్కనే గుంతలు తవ్వి పెట్టించాను. కాంక్రీటు వానలు తగ్గాక.